నోరు విప్పని సైరన్

అలారం మెకానిక్ నిచ్చెన వేసే ముందు ఇంట్లో అందరి ముఖాలూ ఓసారి పరికిస్తాడు. మీటరు ఆ తర్వాతే తీస్తాడు. చెవి వెనక స్క్రూడ్రైవరు, పెదవుల మీద ఎప్పుడూ ఏదో కూనిరాగం.

"పక్క వీధిలో దొంగలు పడ్డారు. ఈ పాత సైరనేమో బల్లి పాకినా గోల చేసేది, ఇప్పుడు తలుపు తీసినా ఉలకదు పలకదు," అన్నాడు ఇంటాయన.

అలారం పెట్టె విప్పితే సైరన్‌కు వెళ్లే తీగ ఊడి ఉంది. దాని కొసకు శ్రద్ధగా టేపు చుట్టి ఉంది. మెకానిక్ ఇంటావిడ వంక చూశాడు. ఆమె గోడ వంక చూసింది.

"పాప లేస్తోందని..."

తీగ బిగించినా మోగలేదు. బయట గోడకు నిచ్చెన వేసి ఎక్కి చూస్తే, సైరన్ దగ్గర తీగ కూడా ఎవరో ఊడదీశారు. కింద ఇంటావిడ మామగారు గట్టిగా దగ్గారు. దాన్నీ కలిపితే, పడిశం పట్టినట్టు చిన్న మూలుగు వినిపించింది. సైరన్ మూతిలోంచి మెకానిక్ ఓ పాత గుడ్డ లాగుతుంటే, "అది నాదే నాయనా," అంది అత్తగారు.

అప్పుడు సైరన్ కెవ్వుమంది. చెవులు మూసుకుని, ఒకరినొకరు చూసుకుని ముగ్గురూ పడీ పడీ నవ్వారు. ఇంటాయన నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

"దొంగ చేయాల్సిన పనంతా మీవాళ్లే చేసేశారు సార్," అన్నాడు మెకానిక్, నిచ్చెన దిగుతూ. "పాపం, వాడొస్తే ఇక ఉయ్యాల ఊపాల్సిందే!"