కుండ అడుగున ఇసుక

నా చిన్నప్పుడు మా ఇంట్లో తిండిగింజలకు రెండు కుండలుండేవి. పెద్దది మాది, జొన్నలది. చిన్నది దేవుడిది, బియ్యానిది. ఆ తేడా తలుచుకుంటే ఈ వయసులో కూడా నాకు ఒళ్లు మండుతుంది. మండటం తప్పని తెలిసీ మండుతుంది.

జగ్గయ్యపేటకూ నందిగామకూ మధ్య, రోడ్డుకు దిగువన మా ఊరు. ఊరికి ఎడంగా మా క్రైస్తవుల పల్లె. ఇంట్లో నేనూ మా నాయనమ్మా ఇద్దరమే. అమ్మ నేను పాలు తాగే రోజుల్లోనే పోయింది. నాన్న సున్నపు బట్టీలో పనిచేసేవాడు. నాకు తొమ్మిదేళ్లప్పుడు జ్వరమొచ్చి పదకొండో రోజున పోయాడు. అన్ని రోజులూ పల్లె పల్లెంతా మా ఇంట్లో మోకాళ్ల మీద ఉంది. నేనూ ఉన్నాను, మోకాళ్లు పుండ్లు పడేదాకా. నాన్నను పూడ్చి వచ్చాక మా పాస్టరుగారు, మేమంతా అయ్యగారు అనేవాళ్లం, నా తల మీద చెయ్యి పెట్టి దేవుడి చిత్తం అన్నారు. ఆ చెయ్యి విదిలించేశాను.

నాయనమ్మ రైతుల ఇళ్లలో వడ్లు దంచేది. కూలి కింద బియ్యం ఇచ్చేవారు. రెండు కడుపులు నిండాలి గనక ఆ బియ్యం ఇచ్చి, దానికంటే ఎక్కువ వచ్చే జొన్నలు తెచ్చేది. ఇచ్చే ముందు మాత్రం ఒక పిడికెడు తీసి చిన్న కుండలో వేసేది. మా పల్లె ఆడవాళ్లంతా అలా రోజూ పిడికెడు తీసిపెట్టి, ఆదివారం ప్రార్థన పాకకు తెచ్చేవారు. ఆ ఏడు నైజాం గొడవల్లో సరిహద్దు దాటి వచ్చిన కుటుంబాలు జగ్గయ్యపేట చుట్టుపక్కల పిల్లాపాపలతో తల దాచుకుని ఉన్నాయి. ఆ బియ్యం వాళ్లకే వెళ్లేది. ఆ సంగతి నాకు తెలుసు. తెలియదంటే అబద్ధమవుతుంది. కానీ నాన్నను తీసుకుపోయినవాడి పేరు మీద మేం గింజ కూడా ఎందుకు తియ్యాలన్న కోపం ముందు, ఆ తెలిసినది నిలబడలేదు.

ఒక సోమవారం నాయనమ్మ దంపుడుకు వెళ్లాక చిన్న కుండ ముందు నిలబడ్డాను. "నువ్వుంటే నా చెయ్యి ఆపు" అని పైకే అన్నాను. పిడికెడు తీశాను. కాసేపు చూశాను. చూరులో పిచ్చుకలు అరుస్తూనే ఉన్నాయి. ఆ పచ్చి బియ్యం బుగ్గన పోసుకుని నమిలాను. మంగళవారం మళ్లీ అడిగాను, మళ్లీ తీశాను. వారమంతా పిడికెడు వేసేది ఆవిడ, పిడికెడు తీసేది నేను. తెలిసిపోకుండా ఊరి పక్క మున్నేరు వాగులోంచి ఇసుక తెచ్చి అడుగున నింపి, పైన కాస్త బియ్యం సర్దేవాణ్ణి. శనివారానికి నాకు ఏ అనుమానమూ మిగల్లేదు. ఆరుసార్లు పరీక్ష పెట్టాను, ఆరుసార్లూ దేవుడు పలకలేదు. ఇంతకంటే రుజువు ఏం కావాలి?

ఆదివారం ఏం జరుగుతుందో మాత్రం ఆలోచించలేదు. పాక మధ్యలో చాప పరిచి, ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి తమ కుండను ఆ రాశి మీద వంచుతారు. నాయనమ్మ వంతు వచ్చింది. ముందు బియ్యం జారింది. ఆ వెనకాలే ఇసుక, సర్రుమని, అందరి బియ్యం మీదా.

పాట ఆగిపోయింది. సంఘపెద్ద లేచాడు.

"ఏందమ్మా ఇది? దేవుడి కళ్లల్లోనే కొట్టావు గదా ఇసుక!"

వెనకనుంచి ఒకావిడ, "కొడుకు పోయినా బుద్ధి రాలా" అంది.

నాయనమ్మ చాప వంక చూసింది. తర్వాత నా వంక చూసింది. ఒక్కసారే. తలొంచుకుని, "ఆ కుండ నాదేనండి" అంది.

అయ్యగారికి మనసొప్పినట్టు లేదు. నన్ను పిలిచారు. "ఇంట్లో ఉండేది మీరిద్దరే. భయపడకుండా చెప్పు బాబూ, ఈ ఇసుక సంగతి నీకేమన్నా తెలుసా?"

నా గోళ్ల సందుల్లో ఇంకా ఇసుక ఉంది. చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"నాకు తెలవదండి."

ఆవిడను మూడు నెలలు ప్రభువు బల్లకు దూరం పెట్టారు. అంటే నెలకోసారి అందరికీ రొట్టె పంచేటప్పుడు ఆవిడ గోడవారన కూర్చుని చూస్తుండాలి. కలిసిపోయిన బియ్యమంతా ఆవిడే బాగుచెయ్యాలని కూడా తీర్పు చెప్పారు.

మా పల్లె బావి దగ్గర కూర్చుని నాయనమ్మ గాలించడం మొదలుపెట్టింది. చిప్పలో గుప్పెడు బియ్యం, మునిగేటన్ని నీళ్లు. అటూ ఇటూ ఊపుతూ తేలిన బియ్యాన్ని తప్పేలాలోకి ఒంపితే, ఇసుక చిప్పలో మిగులుతుంది. పల్లె అందరి బియ్యం. నేను నీళ్లు తోడిపోస్తున్నాను. ఆవిడ చిప్ప ఊపుతూనే ఉంది. తిడితే బాగుండు. చివరికి నేనే అరిచాను.

"నేనే చేశా. మీ దేవుడు చూస్తానే ఉన్నాడుగా, అందరి ముందూ చెప్పొచ్చుగా ఆ సంగతి! ఎందుకు చెప్పలా?"

చిప్ప ఆగింది. అంత కోపం ఆవిడ మొహంలో నేనెప్పుడూ చూడలేదు.

"నువ్వూ చూశావుగా. నిన్నడిగారుగా. నువ్వెందుకు చెప్పలా?"

చేద మళ్లీ బావిలోకి వదిలాను.

"నాకు రొట్టె పెట్టకపోతే నేనేం చావనులే. ఆ నైజాం పిల్లలకు ఈ వారం ఒక పూట తగ్గుద్ది. ఏడిస్తే దానికేడువు."

ఏడుస్తూనే అడిగాను, నాన్నను బతికించని దేవుణ్ణి ఉన్నాడని ఎట్లా అంటావని. ఆవిడ మళ్లీ చిప్ప ఊపడం మొదలుపెట్టింది. నీళ్లలోకి చూస్తూనే చెప్పింది.

"రుజువులూ గిజువులూ నాకు తెలవ్వురా. మీ నాన్న పోయినాక నేనూ తిట్టా ఆయన్ని. అనరాని తిట్లు తిట్టా, రోజుల తరబడి. తిట్టీ తిట్టీ అలిసిపోయినాక, ఎవరో పక్కన కూర్చుని అంతా విన్నట్టనిపించింది. నాకు అంతే తెలుసు. నువ్వు తిట్టు, నేనొద్దనను. ఆ పిల్లల నోటికాడ మాత్రం చెయ్యి పెట్టబాక."

ఆ సాయంత్రం ఆరబెట్టిన బియ్యం ఎత్తి ఇచ్చేసి వచ్చి, మా జొన్నల కుండలోంచి ఒక పిడికెడు తీసి చిన్న కుండలో వేసింది. ఇంట్లో వేరే గింజ లేదు.

మూడు నెలల్లో మూడుసార్లు రొట్టె పళ్లెం ఆవిడ ముందునుంచి వెళ్లిపోయింది. మూడుసార్లూ నేను అక్కడే ఉన్నాను. లేచి నిలబడి ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. సంఘపెద్ద మీద పళ్లు నూరుకున్నాను, అయ్యగారిని మనసులో తిట్టుకున్నాను, పేదరాలి మాట ఎవరూ అడగరని లోకం మీద మండిపడ్డాను. అందులో కొంత న్యాయమైన కోపమే. కానీ అడిగారు. నన్నే అడిగారు.

పెద్దయ్యాక చదువుకున్నాను. దేవుడు లేడని కొన్నేళ్లు వాదించాను, ఉన్నాడని మరికొన్నేళ్లు వాదించాను. రెండు వైపులా బాగానే గెలిచాను. నాయనమ్మ సమాధి దగ్గర ఇసుక సంగతి అందరికీ చెప్పినప్పుడు, అది గుర్తున్నవాళ్లే ఇద్దరో ముగ్గురో మిగిలారు. అందులో ఒకావిడ, "ఆవిడ అట్లాంటిది కాదని మాకప్పుడే తెలుసులే" అంది. తెలిసీ ఊరుకున్నారన్నమాట. ఆవిణ్ణి తిట్టబోయి, నోరు మూసుకున్నాను. ఏ మొహంతో తిడతాను?

దేవుడికి రుజువేమిటని ఇప్పుడు మా మనవడు అడుగుతున్నాడు. కోపంగానే అడుగుతున్నాడు, వాడి కోపం నాకు నచ్చుతుంది. నా దగ్గర ఉన్నదల్లా బావి దగ్గర కూర్చుని పల్లె అందరి బియ్యం గాలించిన ఒక ముసలామె. అది రుజువు కింద చెల్లుతుందో లేదో వాణ్ణే చూసుకోమన్నాను.

మా ఇంట్లో ఇప్పుడూ ఒక చిన్న డబ్బా ఉంది. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ అందులో పిడికెడు బియ్యం పడుతుంది. ఆదివారం దాన్ని పట్టుకెళ్లే ముందు, లోపలికి చెయ్యి దూర్చి అడుగుదాకా తడిమి చూస్తాను. ఇసుక తగలదు. అయినా చూస్తాను.