స్పాంజి కాలి, మట్టి నిలిచేదాకా: తెనాలి, బాపట్ల, రేపల్లె

తెనాలిలో మాది చిన్న పోత షెడ్డు. నీటి మోటార్లకు అల్యూమినియం తొడుగులు పోస్తాం. కరిగిన లోహంలో మడ్డి మిగిలి తొడుగులకు సన్నని బెజ్జాలు పడుతున్నాయని విజయవాడ వ్యాపారి రెండు విడతలు తిప్పి పంపాడు. మూడోసారీ ఇంతే అయితే వేరే చోటు చూసుకుంటానన్నాడు. లోహాన్ని వడకట్టే పింగాణీ బిళ్ళలుంటాయి, నురగలా నిండా రంధ్రాలతో. మా కొలతలో దొరకలేదు. చేసే పద్ధతి వినడానికి తేలికే: స్పాంజిని మట్టి జావలో ముంచి, పిండి, ఆరబెట్టి కాల్చాలి. స్పాంజి కాలిపోతుంది, దాని ఆకారంలో మట్టి మిగులుతుంది. నాలుగుసార్లు చేశాను, నాలుగుసార్లూ పొడే మిగిలింది. "ఇక వదిలెయ్ లక్ష్మీ" అన్నారు మా ఆయన. నేను వదలదలుచుకోలేదు.

గురువారం ఉదయం ఆరున్నరకి ప్యాసింజర్ ఎక్కాను. చేతిలో స్పాంజి ముక్కలు, మట్టి జావ డబ్బా, ఆరబెట్టి ఇంకా కాల్చని పాత బిళ్ళ ఒకటి. బాపట్లకు గంటలోపే, టికెట్టు ముప్ఫై దాటదు. స్టేషన్ బయట ఇడ్లీ తిని, ముందే ఫోన్ చేసి ఉన్నాను కాబట్టి ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే రమణ సార్ దగ్గరికి వెళ్ళాను. ఆయన బిళ్ళను వెలుగుకి పట్టి చూశారు.

"రంధ్రాలన్నీ పూడిపోయాయమ్మా. చేత్తో పిండారా?"

"అవునండి."

"చపాతీ కర్రతో నొక్కండి, అంతటా సమానంగా వస్తుంది. ఎంతసేపు కాల్చారు?"

"రెండు గంటలండి."

"అదే తప్పు. స్పాంజి పొగ మెల్లగా బయటికి పోవాలి. తొందరపెడితే ఆ పొగే మట్టిని పగలగొడుతుంది."

అక్కడే పన్నెండు బిళ్ళలు కొత్తగా చేసి, రంధ్రాలు పూడకుండా సైకిల్ పంపుతో గాలి కొట్టి, రెండింటిదాకా డాబా మీద ఎండబెట్టాను. ల్యాబ్ కొలిమిలో ఒక్కటే పడుతుందట. రేపల్లె అవతల కుండలు కాల్చే వీరమ్మగారి ఆవం చూడమన్నారు సార్.

రెండున్నర బస్సు చెరుకుపల్లి మీదుగా రేపల్లె చేరడానికి గంటన్నర పైనే పట్టింది. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్టు ఉచితం. అక్కడినుంచి ఆటో, ఒళ్ళో బిళ్ళల పెట్టె.

"ఏంటక్కా ఆ పెట్టెలో, గుడ్లా?" అన్నాడు డ్రైవర్.

"అంతకంటే సుకుమారం తమ్ముడూ, గుంటలు చూసి పోనీ."

వీరమ్మగారు మొదట ఒప్పుకోలేదు. "ఆ స్పాంజి కంపు పొగకి నా కుండలు నల్లబడితే ఎవరు కొంటారమ్మాయ్?"

"నాలుగుసార్లు పోగొట్టుకున్నాను పిన్నీ. ఈసారి కాకపోతే మా పని పోద్ది."

ఆమె బిళ్ళను అటూ ఇటూ తిప్పి చూసింది. "పాత కుండలో పెట్టి పైవరసలో, పొగపోయే పక్కన పెడతాలే. ముందు పూటంతా సన్నసెగే. పచ్చికుండకైనా అంతే కదా."

సాయంత్రం రైల్లో తెనాలి చేరి, ఆదివారం మళ్ళీ వెళ్ళాను. పన్నెండులో నాలుగు ముక్కలయ్యాయి. మిగతా ఎనిమిదింటినీ వీరమ్మగారు గోటితో కొట్టి చూసింది. ఖంగుమన్నాయి. నేను ఒక్కోటీ ఎత్తి వెలుగుకి పట్టి చూసుకున్నాను. ఆమె మాత్రం తన కుండలు నల్లబడలేదని ఊపిరి పీల్చుకుంది.

సోమవారం పోతలో మొదటి రెండు బిళ్ళలు లోహం తగలగానే చిట్లాయి. మిగిలిన ఆరింటినీ ముందుగా వేడిచేసి పెట్టాం, అవి నిలిచాయి. తొడుగుల్లో నీళ్ళు నింపి ఒత్తిడి పెడితే చుక్క కారలేదు. ఆ విడత విజయవాడ నుంచి తిరిగి రాలేదు.

ఇన్నేళ్ళూ పోతలో రంధ్రమంటే తప్పేననుకున్నాను. ఆ తప్పు పోవడానికి వేల రంధ్రాల్ని కాపాడాల్సి వచ్చింది. మీరూ ఇలాంటి పనిమీద వెళ్తుంటే ఒక్క మాట: రేపల్లె బస్సులో ముందు సీటే పట్టుకోండి. నేను వెనక కూర్చున్నాను. విరిగిన ఆ నాలుగూ ఆవంలో కాదు, ఆ సీట్లోనే పోయాయని నా అనుమానం.