కరిగిన తెప్పలు

తిరుపతిలో మే నెల ఎండలో స్వెట్టర్ వేసుకుని తిరిగిన పిచ్చిదాన్ని నేనొక్కదాన్నే. నా పరిశోధనంతా కోల్డ్ రూమ్‌లోనే. కణం చుట్టూ ఉండే పొర నూనెలా కదులుతుంటుంది. అందులో కొలెస్ట్రాల్, కొన్ని బిరుసు కొవ్వులు దగ్గరికి చేరి చిన్న తెప్పల్లా తేలతాయి, అంతలోనే విడిపోతాయి. మంచుగడ్డల మీద ఉంచి సబ్బులాంటి మందు కలిపితే మిగతా పొర కరుగుతుంది, తెప్పలు కరగవు. చక్కెర నీళ్లలో వేసి గిర్రున తిప్పితే పైన తెల్లటి గీతలా తేలతాయి.

ఒకరోజు అన్నం తిని వచ్చేసరికి మా అటెండరు నా ట్యూబులన్నీ బయట బల్ల మీద పెట్టి ఉంచాడు.

"పొద్దన్నించి చలికి వణకతా ఉండావు గదమ్మా. ఈడైతే యెచ్చగా కూసోని చేసుకుంటావని తెచ్చినా," అన్నాడు.

ఆ వేడికి తెప్పలు కూడా కరిగిపోయాయి. నోటికొచ్చినట్టు తిట్టాను. ఆ ల్యాబులో నన్ను పలకరించే మనిషి ఆయనొక్కడే.

వారానికి మళ్లీ గీత తేలింది. చూపిద్దామని ట్యూబు పట్టుకుని బయటికి పరుగెత్తాను. ఆయన స్టూలు మీంచి లేచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏం కావాల మేడం?"