ఆన్స్‌గాట్ అయ్యగారి జోళ్ళు

ఏ ఇంటికి వెళ్ళినా ఆన్స్‌గాట్ అయ్యగారు గడప దాటే ముందు జోళ్ళ బురద గీకేవారు. అదీ తొందరగా కాదు. ఆయన గీకడం మొదలుపెట్టాక గంజి కాచుకుని, చల్లార్చుకుని, తాగేయొచ్చు. సముద్రం అవతలి నుంచి కొత్త దొరల వెంట వచ్చిన మనిషి. బిషప్పు తరఫున పల్లె చర్చిలు తనిఖీ చేసేవారు.

మా చిత్తడి నేలలో బురదకు కొరత లేదు. "దేశాన్ని గెలిచారు గానీ మన బురదని గెలవలేకపోయారు," అనేది మా అత్త. ఆయన కంచె దగ్గర మోకాలెత్తి, దగ్గుతూ గీకుతూ, పుల్ల విరిగితే ఇంకో పుల్ల వెతుక్కుంటూ ఉంటే ఊరంతా పని ఆపి చూసేది.

నాకు మాత్రం నవ్వే తీరిక ఉండేది కాదు. నా భర్త లియోఫ్విన్ మా ఊరి పాదిరి. అప్పటికే పెళ్ళయిన పాదిరులు భార్యలతో ఉండొచ్చనీ, ఇకమీదట ఎవరూ పెళ్ళాడకూడదనీ కొత్త కట్టడి వచ్చింది. మేము ఒక్క కోతకాలం ఆలస్యంగా చేసుకున్నాం. నేను ఆ ఇంట్లో కనబడితే లియోఫ్విన్‌కి చర్చి పోతుంది, మాకు నీడ పోతుంది. అందుకే గీకుడు వినబడగానే దొడ్డిదారిన పుట్టింటికి పరుగెత్తేదాన్ని. ఆ జోళ్ళు చల్లగా ఉండాలని మనసులో దండం పెట్టుకునేదాన్ని.

ఒక ఏడాది వానలు లేవు. నేల మాడిన రొట్టెలా పగిలింది. కోతల్లో ఒక మధ్యాహ్నం నాకు నొప్పులు మొదలయ్యాయి. కాసేపటికే కంచె దగ్గర గీకుడూ మొదలైంది. లేవబోయి మంచం పట్టె పట్టుకుని కూలబడ్డాను. లియోఫ్విన్ ముఖంలో నెత్తురు లేదు. అత్త తడిగుడ్డ చేత్తో పట్టుకునే బయటికి నడిచింది. కిటికీలోంచి నాకు ప్రతి మాటా వినబడింది.

"అయ్యగారూ, ఇవాళ బురదేదీ?"

"లేదని నాకూ తెలుసమ్మా. ఆ పిల్ల వెళ్ళిందా?"



"వెళ్ళలేకపోయిందయ్యా. నొప్పులు పడుతోంది."

గీకుడు ఆగింది. "వేడినీళ్ళు పెట్టారా?" అని మెల్లగా అడిగారు. తర్వాత, రోడ్డు మీదున్న తన గుమాస్తాకి వినబడేలా గొంతు పెంచారు.

"ఛీ, ఎంత బురద! ఈ కాళ్ళతో పాదిరిగారింట్లో అడుగుపెడితే పాపం. పదవయ్యా, ఈ ఊరు చూసినట్టే."

పగిలిన నేల మీద రెండు కంచరగాడిదల డెక్కల చప్పుడు, వాటి వెనకే దుమ్ము.

ఆయనిప్పుడు నగరంలో మఠం వాళ్ళ రోగుల గదిలో ఉంటున్నారు. నడవలేరు. ఏటా కోతలయ్యాక మా అమ్మాయి ఆయనకు బార్లీ రొట్టె తీసుకెళ్తుంది. గడప ముందు ఆగి, జోళ్ళు గీకి, లోపలికి వెళ్తుంది.