చల్లగా ఉందని తేలిన రేకుల ఇల్లు

ఆ రోజుల్లో నా లెక్కలో మనిషంటే వేడిని వదిలే ఒక వస్తువు. విజయనగరంలో ఓ కాలేజీలో ప్రాజెక్టు ఉద్యోగం. ఒంటికీ గదికీ మధ్య వేడి ఎటు పోతోందో, ఎంత పోతోందో కొలవడం పని. నల్లరంగు పూసిన గోళం, గాలి వేగం చెప్పే మీటరు, చేతికి అంటించే తీగలు సంచిలో వేసుకుని రైల్లో ఆమదాలవలస వెళ్లేవాణ్ణి. (సంచి చూసి నన్ను కరెంటు మేస్త్రీ అనుకుని, ఫ్యాన్లు బాగుచెయ్యమని అడిగినవాళ్లూ ఉన్నారు.) భరించలేనంత వేడని తేలిన ఇళ్ల రేకులకు ప్రాజెక్టు తరఫున ఉచితంగా చలువ పూత వేస్తారు. మొదటి పేరు అక్కడే ఉండే మా పెద్దమ్మదే ఇచ్చాను. పెద్దనాన్న పోయాక ఆవిడ ఆ సిమెంటు రేకుల కింద ఒక్కతే ఉండేది. కిందటి వేసవిలో కళ్లు తిరిగి పడిపోయింది. ఆ పూత పడకపోతే ఈసారి లేవదేమోనని నా భయం.

వస్తున్నానని ఫోను చెయ్యడమే నా కొంప ముంచింది. చుట్టం వస్తున్నాడని పొద్దున్నే రేకుల మీద తడి గోనెలు పరిపించింది, నేలంతా నీళ్లు చల్లింది. అరగంట కదలకుండా కూర్చోవాలి పెద్దమ్మా అంటే, "సుట్టానికి సెమట కారతంటే నానెలాగ కూకుంతాన్రా?" అని విసనకర్ర తీసుకుని నాకు విసరడం మొదలుపెట్టింది. గాలి మీటరులో అంకెలు ఎగబాకాయి. నల్ల గోళాన్ని ముట్టుకుని, "ఓలమ్మ, పాపం కాగిపోతన్నాది" అని తడి తువ్వాలు చుట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. చివరికి అడగాల్సిన ప్రశ్న అడిగాను: బాగా వేడిగా ఉందా, కాస్త వేడిగా ఉందా, హాయిగా ఉందా?

"హాయే. మనింటికేటి తక్కువ?"

మళ్లీ కొలుస్తానని మా సారును బతిమాలాను. "మీ చుట్టాలకని రెండోసారి కొలతలేమిటయ్యా?" అన్నారాయన. పూత ఎదురింటికి పడింది.

ఆ మాట చెప్పడానికి రోహిణి కార్తెలో చెప్పాపెట్టకుండా వెళ్లాను. గోనెలు లేవు, గది పొయ్యిలా ఉంది. "మనింటికి పూత రాదు పెద్దమ్మా. చల్లగా ఉందని తేలింది" అన్నాను తల వంచుకుని. ఏడుపొక్కటే తక్కువ నాకు. ఆవిడ మొహం మాత్రం వెలిగిపోయింది.

"ఆ రేకులు మీ పెదనాన ఏసినారు. పెళ్లాన్ని పొయ్యిలో ఎట్టినాడని ఈదంతా నవ్వినారు. పోయేదాకా ఆయన ఆ మాటే తలుసుకున్నారు. ఇప్పుడు మిషనే సెప్పీసినాది కదా!"

పోనీ నేనే పైకెక్కి సున్నం కొడతానన్నాను.

"ఒద్దురా నాయినా. సల్లటి ఇంటికి సున్నమేటని మళ్లీ నవ్వరా? నువ్వే సెప్పు, సల్లగా నేదేటి?"

నా చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది. "చల్లగానే ఉంది పెద్దమ్మా" అన్నాను.

ఆ వేసవి గడిచింది. మరుసటి వేసవిని ఆవిడ దాటలేదు. వేడి సూత్రాలన్నీ కంఠతా వచ్చిన ఆ కుర్రాడు, చెమటలు కక్కుతూ చల్లగానే ఉందని ఒప్పుకోవడం గుర్తొస్తే నిజానికి ఏడుపు రావాలి. నాకు నవ్వే వస్తుంది.