కారం లేని పొట్లం

మా ఆయనకు అడవి పిచ్చి ఉందని పెళ్ళికి ముందు ఎవరూ చెప్పలేదు. డెబ్బైల చివర మాట. తిరుపతిలో బట్టల అంగట్లో పని ఆయనకు. వారమంతా చీరలు విప్పి మడిచే మనిషి, ఆదివారం తెల్లారేసరికి సంచి భుజాన వేసుకొని బయలుదేరేవాడు. ఒక వారం చంద్రగిరి కోట, ఇంకో వారం మామండూరు అడవి బంగళా, ఆపై వారం తలకోన. "కోట సూసొస్తా", "నీళ్ళు పడేది సూసొస్తా" అనేవాడు. సరే, చూడనీ. చూసొచ్చిన మనిషి ఏం చూశాడో చెప్పాలి కదా? చంద్రగిరిలో రాజమహలు ఎన్ని అంతస్తులని అడిగితే తెల్లమొహం వేశాడు. కోటకు పోయి మహలు చూడని మగవాడు ఇంకేం చూసినట్టు? నాకు ఒళ్ళు మండింది.

దానికి తోడు ఆ పొట్లాలు. మా అత్త పొద్దున్నే లేచి చిత్రాన్నం కలిపి ఆకుల్లో కట్టేది. పోయేది ఒక్కడు, పొట్లాలు రెండు. ఒకదాంట్లో ఎండుమిరపకాయలు నిండుగా ఉండేవి. మా ఆయన కారం లేనిదే ముద్ద ఎత్తడు. రెండోదాంట్లో మిరపకాయ ముక్క కూడా ఉండేది కాదు, పసిపిల్లలకు పెట్టే కూడులాగా. ఎవరమ్మా ఆ సుకుమారి? కన్నతల్లే కట్టి పంపుతోందంటే ఇంట్లో అందరికీ తెలిసిన భాగోతమే, పలమనేరు నుంచి వచ్చిన ఈ వెర్రిమొహానికి తప్ప. నా కాపురం ఏ చెట్టుకింద కూలిపోతోందో నేనే పోయి చూడాలనుకున్నాను.

"ఈ వారం నేనూ వస్తా" అన్నాను.

తల్లీ కొడుకూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అడివిలో నువ్వేం సూస్తావు మే, కాళ్ళు నొప్పులు" అంది అత్త.

"నీ కొడుకు సూసేదే నేనూ సూస్తా."

ఆ రోజు పొట్లాలు మూడయ్యాయి. కారం లేనిది అందులోనూ ఉంది. సంచి నేనే పట్టుకున్నాను.

నెరబైలు దాకా బస్సు, ఆ తర్వాత నడక. తలకోనలో నీళ్ళు అంతెత్తు నుంచి పడుతున్నాయి. మనిషి నడుమంత లావు తీగలు చెట్లనుంచి చెట్లకు పాకి ఉన్నాయి. ఏం లాభం? నా కళ్ళన్నీ ఆడవాళ్ళమీదే. తడిచీరతో నవ్వుకుంటూ వచ్చే ప్రతి మనిషినీ ఈమేనా, ఆమేనా అని చూశాను. ఒక్కరూ మా ఆయనను పట్టించుకోలేదు. అదీ నాకు నాటకంలాగే కనిపించింది.

ఆయన మాత్రం నీళ్ళకు వీపు పెట్టి, దోవలో వచ్చేవాళ్ళ మొహాలు చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి గుడి దగ్గరకు పోయి, అరుగుమీద పడుకున్న ముసలి సాధువుల దగ్గర ఒక్కొక్కరి ముందూ వంగి చూసి వచ్చాడు. ఇక నావల్ల కాలేదు.

"యాడుండాది ఆమె? పిలువు, నేనూ సూస్తా."

"ఎవురు?"

"కారం తినని మహాతల్లి!"

ఆయనకు కోపం రాలేదు. బండమీద కూర్చున్నాడు. "మా నాయనకు కడుపులో పుండు. కారం తినలేడు" అన్నాడు.

పెళ్ళిచూపుల్లో మామ తీర్థాలకు పోయినాడని చెప్పారు. పీటల దగ్గర ఆయన బదులు పెదనాయన కూర్చున్నాడు. అబద్ధం చెప్పలేదు మరి. మా పెళ్ళిచూపులకు ముందే ఒక పున్నమికి, తిరుమల అడవుల్లోని తీర్థానికి జనంతో కలిసి నడిచిపోయాడట. జనం తిరిగొచ్చారు, ఆయన రాలేదు.

"సాములతో కలిసి యాడన్నా తిరగతా ఉండాడేమోనని సూస్తా ఉండా. దొరికితే ఆకలితో ఉంటాడు గదా. అందుకే మాయమ్మ కడతాది."

అప్పటికీ నాకు నమ్మకం కుదరలేదు. బట్టలమ్మేవాళ్ళకు కథలు చెప్పడం ఒక లెక్కా? ఆయన లేచి కారం లేని పొట్లం తీసుకుపోయి అరుగుమీది ముసలాయనకు ఇచ్చాడు. ముసలాయన ఒక ముద్ద తిని, "ఏందప్పా ఇది, సప్పగా ఉండాది" అని సణిగాడు. మా ఆయన తన పొట్లంలోంచి మిరపకాయలు ఏరి ఆయన ఆకులో వేశాడు. అప్పుడు నమ్మాను. నాకు ఏడుపొచ్చింది.

బస్సులో దారంతా ఒకే మాట నా నాలుక చివర ఆడింది. కడుపులో పుండున్న ముసలాయన, ఎలుగుబంట్లు తిరిగే అడవి, ఇన్నాళ్ళు! అడగలేదు, మింగేశాను. ఇంటికి రాగానే మాత్రం అత్తమీద విరుచుకుపడ్డాను. "నాకెందుకు సెప్పలేదత్తా?"

ఆమె నుదుట ఎప్పటిలాగే రూపాయంత కుంకుమ. "నువ్వు కొత్తదానివి. నీ నోరా మంచిది గాదు. ఈ ఇంట్లో ఇంతవరకూ ఎవురూ అనని మాట నువ్వు అనేస్తావని బయం మే" అంది.

నన్ను ఆమె సరిగ్గానే అంచనా వేసింది.

తర్వాతి ఆదివారం ఆమెకంటే ముందే లేచి పొయ్యి ముట్టించాను. మొదట మిరపకాయలు వెయ్యకుండా తిరగవాత పెట్టి, కొంచెం అన్నం విడిగా కలిపి ఆకులో పెట్టాను. అత్త వచ్చి నా పక్కన కూర్చుంది. నమ్మలేదు. పొట్లం కట్టబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి, అందులోంచి నాలుగు మెతుకులు తీసి నోట్లో వేసుకొని చూసింది.