తేదీ దాటాక తొమ్మిదో రోజు

డాక్టరు చెప్పిన తేదీ దాటి అది తొమ్మిదో రోజు. పొద్దున్నే టీ పెట్టుకుని తాగాను. రోజూ టీ తాగిన కాసేపటికి కడుపులో బిడ్డ కుడివైపు పక్కటెముకల కింద తన్నేది. ఆ రోజు తన్నలేదు. నిద్రపోతోంది కాబోలు అనుకుని గిన్నెలు కడిగాను, బట్టలు ఆరేశాను. పదకొండు దాటినా ఒకసారి మెల్లగా ఒత్తిగిలినట్టు అనిపించిందే తప్ప తన్ను లేదు. ఆ మాట చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరు.

జంషెడ్‌పూర్ బారిడీహ్‌లో రెండు గదుల అద్దె ఇల్లు మాది. నా భర్త రమణ నాకు మేనబావ, కాంట్రాక్టరు కింద వెల్డరు. పెళ్ళయ్యాక పలాస దగ్గర మా ఊరి నుంచి ఇక్కడికి వచ్చి రెండేళ్ళవుతోంది. మా అమ్మ నా పెళ్ళికి ముందే పోయింది. అందుకని తొలికాన్పుకు నేను పుట్టింటికి వెళ్ళలేదు, నావాళ్ళే నా దగ్గరికి వచ్చారు. అందరూ తేదీ చూసుకునే వచ్చారు. అత్త జీడిపప్పు ఫ్యాక్టరీలో సెలవు అడిగి వచ్చింది. ఒడిశాలో ఫ్యాక్టరీ ఆపి చేసే షట్‌డౌన్ మరమ్మతు పని మీద ఉన్న బావ పది రోజుల సెలవు పెట్టుకుని వచ్చాడు.

తేదీ వచ్చింది, నొప్పులు రాలేదు. అత్త రోజూ సాయంత్రం నన్ను కాలనీ చుట్టూ నడిపించేది. నాలుగో రోజున, ఇంకా రాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటామని అత్తకు ఫ్యాక్టరీ నుంచి కబురు వచ్చింది. ఆవిడ ఏడుస్తూనే రైలెక్కింది. ఆరో రోజుకి బావ సెలవు కూడా అయిపోయింది.

“నొప్పులు మొదలైతే ఫోన్ సెయ్యి. ఉన్నపళంగా వచ్చేత్తాను” అన్నాడు.

“పన్లో ఉన్నప్పుడు ఫోన్లు గేటు కాడే పెట్టించేత్తారు కదా బావా?”

“సూపర్‌వైజర్ నంబరు రాసుకో. ఆయన నాకు సెప్తాడు.”

ఆ తర్వాత ఇంట్లో నేనూ, గోడ మీద రాసుకున్న ఆ నంబరూ మిగిలాం. ఫోన్లు మాత్రం ఆగలేదు. ఎత్తగానే “ఏటి, ఇంకా అవ్వలేదా?” అనే మాటే. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. కానీ రోజుకి ఏడెనిమిదిసార్లు “లేదు” అని చెప్పీ చెప్పీ, నాలోనే ఏదో లోపం ఉందనిపించసాగింది. చివరికి ఫోన్ ఎత్తడం మానేశాను. నదికి అవతల మాంగో అనే పేటలో ఉండే అప్పలనరసమ్మ పిన్ని రోజుకి రెండుసార్లు చేసేది. ఆవిడ బావకి దూరపు వరస, ఈ ఊళ్ళో నాకున్న ఒకే ఒక్క పెద్దదిక్కు. ఆవిడ ఫోన్ కూడా ఎత్తలేదు.

మధ్యాహ్నం ఎడమవైపు తిరిగి పడుకుని లెక్కపెట్టాను. గంటసేపట్లో రెండే కదలికలు. అప్పుడు భయం వేసింది. ఫైలు, రెండు నైటీలు, పాత చీర ముక్కలు సంచిలో పెట్టుకుని తాళం వేసి, ఆటో ఎక్కి ఆసుపత్రికి వెళ్ళాను.

డాక్టరమ్మ నా వెనక్కి చూసి, “అకేలీ ఆయీ హో?” అని అడిగారు. ఒంటరిగా వచ్చానా అని. తలూపాను. పొద్దున్నించీ కదలికలు తక్కువగా ఉన్నాయని చెబితే, “మరి పొద్దున్నే ఎందుకు రాలేదు?” అన్నారు. ఫైలు తీసి ఆవిడ ముందు పెట్టాను.

పొట్టకి బెల్టులు కట్టి, బిడ్డ గుండె వేగం చూసే ఎన్ఎస్‌టీ పరీక్ష తీశారు. బిడ్డ గుండె చప్పుడు గదంతా వినిపించింది. అది వినగానే ఏడుపొచ్చింది. తర్వాత స్కాన్‌లో లిక్కర్, అంటే బిడ్డ చుట్టూ ఉండే నీరు, బాగా తగ్గిందని తేలింది. “హార్ట్ రేట్ ప్రస్తుతానికి బాగానే ఉంది. కానీ ఇంక ఆగకూడదు. ఈరోజే అడ్మిట్ చేసుకుని ఇండక్షన్ మొదలుపెడదాం. మందుతో నొప్పులు తెప్పిస్తాం. సర్విక్స్, అంటే గర్భసంచి మూతి, ఇంకా గట్టిగా ఉంది కాబట్టి టైం పట్టచ్చు” అన్నారు.

కాగితాల మీద నేను సంతకం పెట్టాను. రక్తం కావాల్సివస్తే, మందులు తేవాల్సివస్తే బయట ఒక మనిషి ఉండాలన్నారు. సూపర్‌వైజర్‌కి చేస్తే ఆయన ఎత్తలేదు. ఇంక మిగిలింది పిన్ని. మూడు రోజులుగా ఆవిడ ఫోన్ ఎత్తని దాన్ని, ఏ మొహంతో చేయను? చాలాసేపు ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుని, చివరికి చేశాను.

“పిన్నీ, ఆసుపత్రిలో ఉన్నాను. ఒక్కదాన్నే ఉన్నాను” అన్నాను.

“వత్తన్నాను. ఏటైనా తిన్నావా?” అంది. అంతే అంది.

బ్రిడ్జి మీద జామ్ దాటుకుని ఆవిడ వచ్చేసరికి నన్ను లేబర్ రూమ్‌లోకి తీసుకెళ్ళిపోయారు. లోపలికి ఫోన్ తీసుకెళ్ళకూడదు, తోడు మనిషీ రాకూడదు. పిన్ని తెచ్చిన ఇడ్లీలు ఆయా చేతికిచ్చి పంపింది.

మొదట ఆ మూతి మెత్తబడడానికి జెల్ పెట్టారు. ఆరు గంటలు చూసినా ఏమీ కాలేదు. తర్వాత ఫోలీ క్యాథెటర్ పెట్టారు. లోపల చిన్న బుడగలా ఉబ్బి సర్విక్స్‌ని తెరుస్తుందట. పెట్టేటప్పుడు నొప్పి కన్నా సిగ్గు ఎక్కువ వేసింది. నా చుట్టుపక్కల మంచాల మీద నా తర్వాత వచ్చిన ముగ్గురు కాన్పులై వెళ్ళిపోయారు. పక్క మంచం మీది చాయిబాసా ఊరమ్మాయి వచ్చిన రెండు గంటలకే బిడ్డను ఎత్తుకుంది. మంచాల దుప్పట్లు మార్చేవారు, కొత్తవాళ్ళు వచ్చేవారు. నేను అక్కడే ఉన్నాను. నా పేరు ఎవరూ పిలవలేదు, అందరికీ నేను నాలుగో నంబరు మంచాన్ని.

మర్నాడు పొద్దున్న ఆక్సిటోసిన్ డ్రిప్ పెట్టారు. గంట తిరిగేసరికి నొప్పులు వచ్చాయి. అవి మెల్లగా పెరగలేదు, వరసగా మీద పడ్డాయి. పదకొండు గంటలప్పుడు మానిటర్‌లో బిడ్డ గుండె చప్పుడు నెమ్మదించింది. సిస్టర్ పరుగున వచ్చి నన్ను ఎడమవైపు తిప్పి డ్రిప్ ఆపేసింది. డాక్టరమ్మ వచ్చి మానిటర్ వైపే చూస్తూ నిలబడ్డారు. చప్పుడు మళ్ళీ తేరుకుంది. “అరగంట చూస్తాను. మళ్ళీ పడిపోతే ఓటీకి తీసుకెళ్ళి ఆపరేషన్ చెయ్యాలి” అన్నారు. ఆ అరగంటా ఆ చప్పుడు ఒక్కటే వింటూ ఉన్నాను.

అది పడిపోలేదు. డ్రిప్ మళ్ళీ కొద్దికొద్దిగా పెట్టారు. ఇక్కడే నా కష్టం అసలుగా మొదలైంది. నాకు బజార్లో బేరమాడేంత హిందీ వచ్చు. నడుములో లాగుతోందనీ, కిందికి తోసుకొస్తోందనీ తేడా తెలిసేలా చెప్పే హిందీ రాదు. “దర్ద్, దర్ద్” అనే ఒక్క మాటే నా నోట్లోంచి వస్తోంది. నొప్పి ఉంటుందిలే, ఓర్చుకోమని సిస్టర్ అంటోంది. నేను తెలుగులో అరిచాను. ఆవిడకి అర్థం కాలేదు. అన్ని మంచాల మధ్య, అంతమంది ఉన్న గదిలో, నా మాట ఒక్కరికీ చేరడం లేదు.

ఆ సిస్టర్ మంచిది. ఒక నిమిషం నా మొహం చూసి, వెళ్ళి తలుపు జానెడు తెరిచి, “నాలుగో నంబరు వాళ్ళెవరు?” అని పిలిచింది. పిన్ని గొంతు వినిపించింది.

“ఏటయిందే? ఎక్కడ నొప్పి? నడుమా, పొత్తికడుపా?”

“కిందకి నొక్కేత్తంది పిన్నీ. దొడ్డికొచ్చినట్టుంది. ఆపుకోలేకపోతన్నాను.”

పిన్ని ఆ సందులోంచే సిస్టర్‌కి హిందీలో గబగబా చెప్పింది. నలభై ఏళ్ళుగా మాంగోలో ఉన్న మనిషి హిందీ అది. సిస్టర్ వెంటనే వెనక్కి వచ్చి చూసి, డాక్టరమ్మను పిలిచింది. దారి పూర్తిగా తెరుచుకుంది. అప్పటికి ఎంతసేపయిందో ఎవరికీ తెలియదు.

తలుపు మళ్ళీ మూసేశారు. కానీ బయటి నుంచి పిన్ని గొంతు ఒకసారి వినబడింది. “నేనిక్కడే ఉన్నాను. గట్టిగా ముక్కు.”

పదిహేను నిమిషాల్లో ఆడపిల్ల పుట్టింది. వెంటనే ఏడవలేదు. ఎవరో వీపు రుద్దుతున్నారు, ఎవరో గొంతులో ట్యూబు పెడుతున్నారు. నాకు వాళ్ళ వీపులే కనిపించాయి. తర్వాత సన్నగా, కోపంగా ఒక ఏడుపు వినిపించింది. బిడ్డ కడుపులోనే దొడ్డికి వెళ్ళిందని, అది కొంచెం ఊపిరితిత్తుల్లోకి పోయి ఉండొచ్చని నర్సరీకి తీసుకెళ్ళారు. నాకు చూపించింది ఒక్క క్షణమే. పొడుగాటి గోళ్ళు, అరచేతుల మీద పొరలు లేస్తున్న చర్మం. రోజులు దాటి పుట్టినవాళ్ళు అలా ఉంటారట.

రెండు రోజులు పిల్ల నర్సరీలో, నేను వార్డులో. పాలు పిండి గిన్నెలో పంపేదాన్ని. కబురందుకుని బావ మర్నాడు మధ్యాహ్నం వచ్చాడు, పని బూట్లు కూడా మార్చుకోలేదు. నా మంచం పక్కన కూర్చుని, “నేనుండాల్సింది” అన్నాడు. పాలు పిండిన గిన్నె చేతికిచ్చి నర్సరీకి పంపాను. అయిదు రోజులుండి మళ్ళీ సైటుకి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు పాపకి ఏడో నెల. బోర్లా పడి, తిరిగి వెల్లకిలా పడలేక అరుస్తుంది. అత్త ఇంకా రాలేకపోయింది. బావ నెలకోసారి వస్తాడు. పగళ్ళు ఇప్పటికీ పొడుగ్గానే ఉంటాయి. కొన్నిరోజులు పాపతో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడను. పిన్ని ఆదివారాలు వస్తుంది. పాపకి నూనె రాసి, స్నానం చేయించి, నన్నొక గంట నిద్రపోనిచ్చి వెళ్తుంది. నేను ఫోన్ ఎత్తని ఆ మూడు రోజుల సంగతి ఇంతవరకూ ఆవిడ ఎత్తలేదు.

నాలాగా తేదీ దాటి, ఇంట్లో ఒక్కరే ఉన్నవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే ఒక్క మాట. బిడ్డ కదలిక మామూలు కన్నా తగ్గిందనిపిస్తే, తోడు దొరికాక వెళ్దామని ఆగకండి. నిద్రపోతోందేమో అని సర్దిచెప్పుకోకండి. ముందు తాళం వేసి ఆసుపత్రికి బయల్దేరండి. ఫోన్ చెయ్యాల్సినవాళ్ళకి ఆటోలోంచి చెయ్యొచ్చు.